చిన్న కమతములో గాడిదల, మేకల మేపు

రాజమహేంద్రవరమునుండి ఉత్తరముగా కోరుకొండ చేరునప్పటికి నేల తీరు మారును. ధవళేశ్వరము ఆనకట్టకు దిగువ డెల్టాలో కాలువనీటితో సార్వా, దాళ్వా రెండును వరియే. కోరుకొండ ఆనకట్టకు ఎగువనున్నది. ఇచట పల్లములో వరి, మెట్టలో మొక్కజొన్న, అపరాలు, తోటలు, వాటి నడుమ గట్లు, పోరంబోకులు, కొండవాలు కలవు. ఇట్టి చోట రెండు మూడెకరముల రైతు ఇంట నాలుగైదు మేకలుండుట సాధారణము. బట్టల మూటలకు, ఇసుకకు, ఇటుకకు గాడిదలను నమ్ముకొన్న కుటుంబములును కొన్ని ఇంకను మిగిలియున్నవి.

గాడిదల సంఖ్య త్వరితముగా తగ్గుచున్నది. 2012 పశుగణనలో దేశము మొత్తముమీద సుమారు 3 లక్షల 20 వేల గాడిదలుండగా, 2019 గణన నాటికి అవి సుమారు 1 లక్షా 20 వేలకు దిగినవి. అదే కాలమున మేకలు 13.5 కోట్లనుండి 14.9 కోట్లకు పెరిగినవి. గాడిదలు తగ్గినను వాటి విలువ తగ్గలేదు. మన పొరుగున రాజానగరము మండలములో గాడిదపాల కొరకే ఒక క్షేత్రము ఇటీవల నెలకొన్నది. కావున గాడిద గలవాడు దానిని కాపాడుకొనుటకు వెనుకటికంటె ఎక్కువ కారణమున్నది.

ఈ రెండు జంతువులను గురించి రైతులలో ఒక అభిప్రాయము కలదు: "మేక ఏదైనను తినును, గాడిద ఏది వేసినను బ్రతుకును" అని. ఇందు కొంత నిజమున్నది, కొంత ప్రమాదమున్నది. మనది వరి పండు సీమ. వరిగడ్డి, తవుడు, నూకలు మన యిండ్లలో చౌకగా దొరకును. చౌకగా దొరకు ఈ మూడే, లెక్క తప్పినచో, మేకను ఒక్కరాత్రిలోను, గాడిదను కొన్ని నెలలలోను చెడగొట్టును. ఆ లెక్కను వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వ్యాసకర్త సస్యశాస్త్ర బోధకుడు గావున రోగముల చికిత్స జోలికి పోక, మేతకు సంబంధించిన విషయములకే పరిమితమగుచున్నాడు.

రెండు పొట్టల భేదము

మేక నెమరువేయు జంతువు. దాని పొట్టలో నాలుగు గదులు కలవు. మొదటి పెద్ద గదిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచు, తిన్న ఆకును, గడ్డిని పులియజేసి మేకకు ఆహారముగా మార్చును. ఒక విధముగా చెప్పవలెనన్న, మనము మేపునది మేకను కాదు, దాని పొట్టలోని ఆ సూక్ష్మజీవులను. అవి ఒక మేతకు అలవాటుపడుటకు పది, పదునైదు దినములు పట్టును.

గాడిదకు పొట్ట ఒక్కటే, అదియు చిన్నది. పీచును పులియజేయు పని కడుపు వెనుకభాగమున, పెద్ద ప్రేవులో జరుగును. గాడిద నెమరు వేయదు. అందుచేత అది కొంచెము కొంచెముగా, పగలును రాత్రియు, చాలాసేపు నమలుచుండవలెను. అది ఎండుసీమలో పుట్టిన జాతి. మోటు గడ్డినుండి సారము తీయుటలో గుఱ్ఱముకంటె నేర్పుగలది. పుష్టికరమైన మేత దానికి మితిమీరినచో మెడపైని, తుంటిపైని కొవ్వుగా పేరుకొనును.

దీనినిబట్టి గుర్తుంచుకొనవలసిన సూత్రమొకటి: మేకకు ఆకు, గాడిదకు గడ్డి. గింజ రెంటికిని కొలిచి పెట్టవలెను.

గాడిద మేపు

మన ప్రాంతపు గాడిద సుమారు 100 నుండి 130 కిలోల బరువుండును. పని లేని దినములలో 120 కిలోల గాడిదకు ఎండు లెక్కన రెండు కిలోల మేత చాలును. బరువు మోయు దినములలో రెండున్నర నుండి మూడు కిలోల వరకు కావలెను. ఇందులో అధికభాగము జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప, ఎండుగడ్డి ఉండవలెను. వరిగడ్డి వేయవచ్చును గాని దానిమీదనే ఆధారపడరాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్ళు మాత్రమే. పైగా దానిలోని ఆక్సలేటు అను పదార్థము సున్నపుధాతువును పట్టియుంచి గాడిదకు అందనీయదు. సగము చొప్ప, సగము వరిగడ్డి, వాటితో రెండు మూడు కిలోల పచ్చగడ్డి ఇచ్చిన సరిపోవును.

బరువుపని చేయు గాడిదకు దినమునకు 300 నుండి 500 గ్రాముల జొన్నలు లేక మొక్కజొన్న రవ్వ రెండు పూటలుగా పంచి పెట్టవచ్చును. పని లేని దినమున గింజ అవసరము లేదు. ఉప్పు 15 గ్రాములు రోజును అందవలెను.

పగలంతయు మూటలు మోసిన గాడిదకు మేయుటకు తీరిక దొరకదు. సాయంత్రము పని దించిన పిదప ఊరిమీదికి వదలి, పెంటకుప్పలపై తిని రమ్మనుట చాలచోట్ల అలవాటు. అచట దానికి దొరకునది ప్లాస్టిక్ సంచులు, పులిసిన అన్నము. దానికి బదులు రాత్రి కట్టుకొయ్య యొద్ద చొప్ప వేసియుంచిన, తెల్లవారులోపల అది తన మేతను నెమ్మదిగా ముగించుకొనును.

నీరు దినమునకు 8 నుండి 12 లీటర్లు, ఎండలో పనిచేయునపుడు అంతకంటె ఎక్కువ కావలెను. గాడిద మురికినీరు ముట్టదు. దాహముతోనున్నను మురికి తొట్టి యొద్ద మూతి త్రిప్పుకొనును. నీరు తక్కువైన గాడిదకు ఎండుమేత ప్రేవులలో గట్టిపడి కడుపునొప్పి కలుగును. తొట్టి నిత్యము కడుగుట మందుకంటె చౌక.

ఇంకొక విషయము ముఖ్యము. బాగుగా కొవ్విన గాడిదను సన్నబరచుటకై పస్తుంచరాదు. మేత ఆగినంతనే దాని శరీరములోని కొవ్వు కరిగి రక్తములో నిండును. కాలేయము చెడి ప్రాణాపాయము కలుగవచ్చును. చూడి గాడిదకు, ఈనిన గాడిదకు ఈ భయము అధికము. సన్నబరచవలసిన గాడిదకు గింజను, పచ్చమేతను మాని చొప్ప మాత్రము వేయవలెను. గాడిద బాధను బయటపెట్టని జంతువు. అది ఒక పూట మేత మానివేసి తల దించుకొని నిలువబడినదన్న, "అలిగినది" అని నవ్వి ఊరకుండక, ఆనాడే పశువైద్యునికి చూపవలెను.

మేక మేపు

మేక తల పైకెత్తి మేయు జంతువు. నేలమీది గడ్డికంటె చెట్టుకొమ్మల ఆకు దానికి ప్రీతి. ఇందు ఒక మేలు కలదు. మేకలను పీల్చు జఠరపు నట్టల పిల్లలు తడిగడ్డి మొదళ్ళలో, నేలకు రెండు మూడంగుళముల లోపలనే ఎక్కువగా నుండును. చెట్టు ఆకుమీద అవి ఉండవు. కొమ్మ నరికి కట్టిన మేక, పచ్చికపై వదలిన మేకకంటె నట్టలకు తక్కువగా గురియగును.

25 కిలోల పెద్ద మేకకు దినమునకు మూడు, మూడున్నర కిలోల పచ్చిఆకు, పచ్చిమేత, 300 గ్రాముల ఎండుమేత, 100 గ్రాముల దాణా చాలును. అవిశ, సుబాబుల్, మునగ, తుమ్మ, రేగు, రావి, జువ్వి ఆకులు మేకలు ఇష్టముగా తినును. మినప కట్టె, పెసర కట్టె, కంది పొట్టు మంచి ఎండుమేతలు. వరి మాగాణిలో అపరాలు నూర్చిన పిదప ఆ కట్టెను కళ్లములో వదలివేయక, ఆరబెట్టి దాచుకొన్నచో వేసవికి అక్కరకు వచ్చును.

మేక ఐదు నెలలు మోయును. ఆఖరి రెండు నెలలలో పిల్ల త్వరగా పెరుగును గావున దాణాను క్రమముగా 200, 250 గ్రాములకు పెంచవలెను. పిల్ల పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగించవలెను.

దాణా ఇంటియొద్దనే కలుపుకొనవచ్చును. 100 కిలోల దాణాకు:

మొక్కజొన్న రవ్వ – 35 కిలోలు
నూనె తీసిన తవుడు – 25 కిలోలు
వేరుశనగ చెక్క – 20 కిలోలు
కంది లేక మినప పొట్టు – 17 కిలోలు
ఖనిజలవణ మిశ్రమము – 2 కిలోలు
ఉప్పు – 1 కిలో

వేరుశనగ చెక్క బూజు పట్టినదైన వాడరాదు. దానిలోని విషము కాలేయమును చెరచును.

నూకల గంప

నా చిన్నతనమున మా యింట నొక చూడి మేక కట్టు తెంపుకొని, మిల్లునుండి తెచ్చిన నూకల గంపలో తల పెట్టినది. మా అమ్మ చూచియు, "పోనీ, చూడిది గదా, తిననిండు" అనినది. సాయంత్రమునకు మేక ఎడమడొక్క ఉబ్బి, పండ్లు నూరుచు నిలువబడినది. రాత్రి పారుడు మొదలైనది. తెల్లవారునప్పటికి లేవలేదు. ఆ యేడు నా చదువు ఖర్చు ఆ మేకకు పుట్టబోవు పిల్లలమీదనే లెక్కించియుండిరి. ప్రేమతో పెట్టిన మేతయే దానిని చంపినదని మాకు చాలా ఏండ్లకు గాని తెలియలేదు.

జరిగినదేమనగా, గింజలోని పిండి ఒక్కసారిగా పొట్టలో పడినపుడు పులుపు పుట్టించు సూక్ష్మజీవులు విజృంభించును. పొట్ట ఆమ్లముతో నిండి, మంచి సూక్ష్మజీవులు చచ్చును. ఆ ఆమ్లము రక్తములోనికి ఎక్కును. నూకలు, బియ్యము, అన్నము, గోధుమపిండి, మొక్కజొన్న – అన్నియు ఒక్కటే. ఫాల్గుణములో కోరుకొండ నరసింహస్వామి తీర్థమువంటి ఉత్సవములపుడును, పెండ్లిండ్లయందును మిగిలిన అన్నమును, విస్తళ్ళను మేకలముందు కుమ్మరించుట ఈ కారణముచేతనే అపాయకరము. కుడితిలో గుప్పెడు అన్నము వేరు, బుట్టెడు అన్నము వేరు.

మేక గింజలు ఎక్కువ తిన్నదని తెలిసిన వెంటనే మిగిలిన గింజను తొలగించి, ఎండుగడ్డి మాత్రము ముందు వేయవలెను. పెద్దమేకకు 20 గ్రాముల వంటసోడాను అరలీటరు నీటిలో కలిపి, తల ఎత్తి పట్టక, నెమ్మదిగా, ఊపిరితిత్తులలోనికి పోకుండ త్రాగించవచ్చును. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. ఆలస్యము చేయక పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును.

తవుడుతో జాగ్రత్త

తవుడులో భాస్వరము మిక్కుటము, సున్నపుధాతువు అత్యల్పము. తవుడు ప్రధానముగా తిను గాడిదకు, గుఱ్ఱమునకు ఎముకలలోని సున్నపుధాతువు క్రమముగా కరగిపోవును. దవడయెముకలు ఉబ్బి ముఖము పెద్దదిగా కనిపించును, కాళ్ళు కుంటును. పూర్వము ఇతర దేశములలో పిండిమరల యొద్ద తవుడు తిని పెరిగిన గుఱ్ఱములకు ఇది తరచు వచ్చుటచే దీనిని మరవాని గుఱ్ఱపు రోగమని పిలిచెడివారు. వరిగడ్డి, నేపియర్ గడ్డి కూడ దానికి తోడైన, వాటిలోని ఆక్సలేటు మూలమున నష్టము ఇంకను త్వరగా కలుగును. గాడిదకు తవుడు దినమునకు పావుకిలో దాటరాదు. ఆ పావుకిలోకు 10 గ్రాముల దాణా సున్నపురాతి పొడి కలుపవలెను. ఇది పశువుల దాణాలో కలుపుటకు అమ్మునది. గోడలకు వేయు సున్నము కాదు.

మేకపోతులకును తవుడు ఎక్కువైనచో ఆ భాస్వరమే మూత్రనాళములో రాళ్ళుగా ఏర్పడి మూత్రము బంధించును. పోతు ముక్కుచు, చుక్కచుక్కగా మూత్రము విడుచుచున్నచో అది మలబద్ధమని భ్రమపడరాదు. ఉప్పు, సమృద్ధిగా నీరు, తక్కువ తవుడు – ఇవియే నివారణోపాయములు.

ఒకదాని మేత మరొకదానికి విషము

రెండును ఒకే సావిట్లో నున్నచోట ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. కోళ్ళ దాణా: అనపర్తి పరిసరములలో కోళ్ళఫారములు విస్తారము గావున కోళ్ళ దాణా మనకు సులభముగా దొరకును. కోళ్ళకు రక్తపారుడు రాకుండుటకై కొన్ని దాణాలలో మోనెన్సిన్, సాలినోమైసిన్ అను మందులు కలుపుదురు. పశువుల దాణాలలో కొన్నింట కూడ మోనెన్సిన్ ఉండును. కోడి తట్టుకొను పాలు గాడిద గుండెను ఆపివేయును. కోళ్ళ దాణాను గాడిదకు ఏ మాత్రమును పెట్టరాదు. మేకకును పెట్టకుండుటయే మంచిది.

2. సుబాబుల్: దీని ఆకులోని మైమోసిన్ అను విషపదార్థము నెమరువేయని జంతువులకు పడదు. గాడిదకు జూలు, తోకవెండ్రుకలు ఊడిపోవును. మేకకు మొత్తము మేతలో మూడవవంతువరకు పెట్టవచ్చును. ఆస్ట్రేలియాలో పశువులు సుబాబుల్ తిని జబ్బుపడగా, హవాయి దీవుల మేకలు ఎందుకు జబ్బుపడుటలేదని అచటి శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్ పరిశోధించి, ఆ మేకల పొట్టలోని ఒక సూక్ష్మజీవి ఆ విషమును విరుచుచున్నదని 1980వ దశకములో నిరూపించెను. ఆ సూక్ష్మజీవికి ఆయన పేరే పెట్టిరి.

3. యూరియా కలిపి మాగబెట్టిన గడ్డి, యూరియా–బెల్లపుమడ్డి దిమ్మెలు నెమరువేయు పశువులకు ఉద్దేశించినవి. గాడిదకు వీటివలన లాభము లేదు. ఆరు నెలలలోపు మేకపిల్లలకు కూడ ఇవ్వరాదు.

4. చెరకు మొవ్వ: మేకకు ముక్కలుగా కోసి కొంత వేయవచ్చును. కొవ్విన గాడిదకు చెరకు, గింజ, లేతపచ్చిక ఎక్కువైన గిట్టలలో వాపు పుట్టి నడువలేకపోవును. మోయు జంతువునకు గిట్ట పోయిన, యజమానికి కూలి పోయినట్లే.

ఒక ఉపకారమును కూడ చెప్పవలెను. మేకల నట్టలలో ఎక్కువ భాగము గాడిదకు అంటవు. మేకలు తిరిగిన పచ్చికను తరువాత గాడిద మేసినచో, గడ్డితో పాటు ఆ నట్టల పిల్లలను మింగి నశింపజేయును. కనుక మేకలకు గట్టుమీది కొమ్మలు, గాడిదకు క్రింది గడ్డి వదలుట రెంటికిని మేలు.

విషపు మొక్కలు

పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములలో సగ్గుబియ్యపు మిల్లులకై పండించు కర్రపెండలము ఆకు, దుంపతొక్కు పచ్చిగా నున్నపుడు హైడ్రోసయనిక్ ఆమ్లమను తీవ్రవిషమును పుట్టించును. వాటిని తరిగి రెండు మూడు దినములు ఎండబెట్టిన పిదప కొద్దికొద్దిగా మేకలకు వేయవచ్చును. బెట్టకు గిడసబారిన లేతజొన్నలోను ఇదే విషమున్నది. పూతకు వచ్చిన పిదప కోసిన జొన్నకు భయము లేదు. ఆముదపు గింజ, ఎరువుగా వేయు ఆముదపు చెక్క రెండు జంతువులకును ప్రాణాంతకము. పూజకై పెంచు గన్నేరు కొమ్మలను నరికి దొడ్డిలో పారవేయరాదు. కొద్ది ఆకులే చాలును.

తుపాను వానకు తడిసి బూజుపట్టిన గడ్డిమేటును చూచి, "పశువులకు పోనీ, గాడిదకు వేయుదము" అనుకొనుట కలదు. బూజుగడ్డి గాడిదకు మరింత చెరుపు. దానిని పెంటకుప్పలో వేసి ఎరువు చేయుటయే లాభకరము.

పది సెంట్లలో మేత

ఐదు మేకలకు దినమునకు 17 కిలోల పచ్చిమేత కావలెను. నీటివసతియున్న పది సెంట్లు దీనికి ఇంచుమించుగా చాలును.

ఐదు సెంట్లలో సంకర నేపియర్ గడ్డిని రెండడుగుల ఎడముతో నాటవలెను. నాటిన 70, 80 దినములకు మొదటి కోత, పిదప 45 దినములకొక కోత వచ్చును. ఎకరమునకు ఏటా 80 టన్నుల చొప్పున తక్కువ లెక్కగా తీసికొన్నను, ఐదు సెంట్లలో నాలుగు టన్నులు, అనగా దినమునకు సుమారు 11 కిలోలు లభించును.

మిగిలిన ఐదు సెంట్లలో హెడ్జ్ లూసర్న్, అనగా దశరథ గడ్డి వేయవలెను. దీని గింజ పైపొర గట్టిది. కాగి దించిన నీటిలో నాలుగైదు నిమిషములుంచి, చన్నీట కడిగి ఆరబెట్టి చల్లిన బాగుగా మొలచును. 90 దినములకు మొదటి కోత, పిదప 40 దినములకొకటి. ఎకరమునకు 40 టన్నుల లెక్కన దినమునకు ఐదు కిలోల పైచిలుకు వచ్చును. ఇది పప్పుజాతి గావున దాణా ఖర్చును తగ్గించును, నేలకు సారము నిచ్చును.

గట్లమీద అవిశ, మునగ, సుబాబుల్ నాటవలెను. మొదటి సంవత్సరము మేకలను వాటి యొద్దకు రానీయరాదు. అవిశను మొదలంట నరికిన చచ్చును. ప్రక్కకొమ్మలు మాత్రమే తీయవలెను. కొమ్మలను నేలమీద పడవేయక మేక తలయెత్తున కట్టగా వ్రేలాడదీసిన, త్రొక్కుడు నష్టము తగ్గును.

కాలమునుబట్టి మార్పు

తొలకరి వానలకు మొలచిన లేతపచ్చికపై ఆకలిగొన్న మేకలను వదలిన చిటుకు రోగము వచ్చును. నిన్న గంతులు వేసిన మేక నేడు చచ్చిపడియుండును. వానలకు ముందే టీకా వేయించి, మొదటి పది దినములు ఉదయము ఎండుమేత వేసిన పిదపనే బయటికి వదలవలెను. మంచు ఆరిన తరువాత మేపుట, చెరువుగర్భములో నత్తలున్న చోట మేపకుండుట, నట్టల నివారణకును కార్జపు జలగల నివారణకును సహాయపడును. పారుడు రోగపు టీకా మానరాదు. ఆ రోగమును 2030 నాటికి భూమిమీదనే లేకుండ చేయవలెనని ప్రపంచదేశములు పూనుకొన్నవి.

ఏ మేతనైనను ఒక్క దినములో మార్చరాదు. పాతమేతలో నాలుగవవంతు క్రొత్తమేత కలుపుచు, పది దినములలో పూర్తిగా మార్చవలెను. గాడిద ప్రేవుకును, మేక పొట్టకును ఈ నియమము సమానము.

తుదకు ఒక్క మాట. తూనికరాయి, కొలత డబ్బా సావిట్లో నుంచుకొనుడు. నూకల గంపపై మూత, గదికి గడియ వేయుడు. గాడిదకొక తొట్టి, మేకలకొక తొట్టి వేరువేరుగా కట్టుడు. వీటికయ్యెడు ఖర్చు స్వల్పము. చిన్నరైతుకు మేకలు అవసరమునాటి రొక్కము. గాడిద మోయు కుటుంబమునకు అది దినకూలి. పెట్టు చేతికి లెక్క తెలిసినచో ఈ రెండును నిలుచును.